కాటన్ దొర ఇంటిపేరుకు పత్తితో పని లేదు
పేరులో దాగిన ఊరు: ఏలూరు, గూడెం, కొల్లేటి ప్రాంతపు ఇంటిపేర్ల కథ

ఏలూరు: గోదావరి నీటితో పంట పండించే రైతుల్లో కాటన్ దొర పేరు తెలియనివారు ఉండరు. ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలుపెట్టి 1852 నాటికి ఆనకట్ట కట్టించిన ఆ ఇంజనీరు విగ్రహాలు కాలువ గట్ల మీద, ఊరి సెంటర్లలో నేటికీ దండలు వేయించుకుంటున్నాయి. అయితే ఆయన పేరు ఆర్థర్ అనీ, కాటన్ అన్నది ఇంటిపేరనీ చాలామందికి పట్టదు. పట్టినవారు కూడా కాటన్ అంటే పత్తి గదా, వాళ్ల తాతముత్తాతలు పత్తి బేరం చేసినవారై ఉంటారని అనుకుంటారు. అది నిజం కాదు.

పత్తికి ఇంగ్లీషువారు వాడే కాటన్ అనే మాట అరబ్బు భాష నుంచి అరువు తెచ్చుకున్నది. దొర గారి ఇంటిపేరు అచ్చంగా ఇంగ్లండు మట్టిలో పుట్టింది. పాత ఇంగ్లీషులో ‘కాట్’ అంటే గుడిసె. కాటేజీ అనే మాటలో ఉన్నదీ అదే. ‘గుడిసెల దగ్గర’ అనే అర్థంలో ఆ దేశంలో కాటన్, కోటన్ అనే పల్లెలు కొన్ని ఏర్పడ్డాయి. ఆ పల్లెల నుంచి వచ్చినవారికి ఆ పేరే ఇంటిపేరుగా నిలిచింది. అంటే మన లెక్కలో చెప్పాలంటే గూడెం. దొర గారు ఈ ప్రాంతంలో పుట్టి ఉంటే ‘గూడెపు ఆర్థరు’ అని పిలిచేవారన్నమాట! ఆయన పథకం వల్ల వచ్చిన ఏలూరు కాలువ తాడేపల్లిగూడెం మీదుగానే పోతుంది. చుట్టుపక్కల జనం ఆ పట్టణాన్ని నేటికీ ‘గూడెం’ అనే అంటారు.

ఇంగ్లండులో కూడా ఒకప్పుడు ఇంటిపేర్లు లేవు. 1066లో నార్మన్లు ఆ దేశాన్ని జయించిన తర్వాత భూముల లెక్కలు, పన్నుల లెక్కలు పెరిగాయి. ఒకే పేరు గలవారు నలుగురుంటే ఎవరు ఏ పన్ను కట్టారో తేల్చడానికి ఊరి పేరో, వృత్తి పేరో, తండ్రి పేరో తగిలించవలసి వచ్చింది. మూడు నాలుగు వందల ఏళ్లలో అవి తండ్రి నుంచి కొడుక్కి వచ్చే పేర్లుగా స్థిరపడ్డాయి. కమ్మరి పని వల్ల వచ్చిన స్మిత్ అనే ఇంటిపేరు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తుంది. ఎందుకంటే ప్రతి ఊళ్లోనూ కమ్మరి ఉండేవాడు. ఎక్కడో గాని కనబడని అరుదైన ఇంటిపేర్లలో చాలావాటికి మూలం ఒకే ఒక్క చిన్న పల్లె, లేకపోతే ఒక పొలం. అందుచేత అటువంటి పేరు గలవారు తమ పూర్వీకులు ఎక్కడివారో తేలిగ్గా పట్టుకోగలరు. స్మిత్ గారికి ఆ వీలు లేదు.

సరిగ్గా ఈ సూత్రమే మన ఇంటిపేర్లకూ వర్తిస్తుంది.

ఊరు విడిచాకే ఊరి పేరు

నిడమర్రులో ఉన్నవాడిని నిడమర్రులో ఎవరూ నిడమర్రు వాడని పిలవరు. అందరూ ఆ ఊరివారే గదా. అతడు మరో ఊరు వెళ్లి కాపురం పెట్టినప్పుడే అక్కడివారు ‘నిడమర్రు వారు’ అంటారు. అది నలిగి ‘నిడమర్తి’ అవుతుంది. కొడుకులకు, మనుమలకు అదే నిలిచిపోతుంది. అంటే ఇంటిపేరులో కనిపించే ఊరు సాధారణంగా ఆ కుటుంబం ఉంటున్న ఊరు కాదు, ఎప్పుడో విడిచిపెట్టి వచ్చిన ఊరు. కరువుకో, వరదకో, దండయాత్రకో, దాయాదుల తగవుకో, లేదా మంచి భూమి దొరికిందనో కదిలి ఉంటారు. కారణం మరిచిపోయినా ఊరి పేరు మాత్రం మిగిలింది.

ఈ పేర్లు మారే తీరుకు ఒక పద్ధతి ఉంది. బడిలో వ్యాకరణం చదవనివారు కూడా దీనిని తప్పు లేకుండా పాటిస్తారు. ఊరి పేరు చివర ‘ఊరు’ ఉంటే ‘ఊరి’ అవుతుంది. అలా వట్లూరు వట్లూరి అయింది, ఉంగుటూరు ఉంగుటూరి అయింది. ‘పాడు’ ఉంటే ‘పాటి’ అవుతుంది. పెంటపాడు వారు పెంటపాటి వారు, దోసపాడు వారు దోసపాటి వారు. ‘మర్రు’ మర్తిగా, ‘వరం’ వరపుగా మారతాయి. గణపవరం గణపవరపు అయింది అలాగే. కొవ్వలి, కలిదిండి, మాదేపల్లి లాంటివి మాత్రం మారకుండా ఉన్నవి ఉన్నట్లే ఇంటిపేర్లయ్యాయి. కొల్లేరు చివర ‘ఏరు’ ఉంది కనుక ‘ఏటి’ అవుతుంది. కొల్లేటికోట అంటున్నాం గాని కొల్లేరుకోట అనడం లేదు. కొల్లేటి అనే ఇంటిపేరూ తెలుగుదేశంలో ఉంది.

ఈ మార్పులో ఉన్నది ‘యొక్క’ అనే అర్థమే. పెంటపాటి సుబ్బయ్య అంటే పెంటపాడుకు చెందిన సుబ్బయ్య. ఒక్క అక్షరం మార్పుతో ఒక వాక్యం పని జరిగిపోయింది.

అయితే తొందరపడి తీర్పు చెప్పకూడదు. నిడమర్రు మన దగ్గరే కాదు, మంగళగిరి పక్కన కూడా ఉంది. దుగ్గిరాల ఏలూరు దగ్గర ఒకటి, తెనాలి దగ్గర ఒకటి. తాడేపల్లి అనే ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. తాడేపల్లిగూడెం పేరులోనూ తాడేపల్లి ఉంది. కనుక తాడేపల్లి ఇంటిపేరు వారందరూ గూడెం నుంచే వెళ్లారనడానికి లేదు. అల్లూరి అనే ఇంటిపేరుదీ అదే చిక్కు. అల్లూరు అనే ఊళ్లు తెలుగుదేశంలో ఎన్నో ఉన్నాయి. మన్యం వీరుడు అల్లూరి సీతారామరాజు 1897లో విశాఖ వైపు పాండ్రంగిలో పుట్టారు. కుటుంబం భీమవరం దగ్గర మోగల్లు వారు. వారి పూర్వులది ఏ అల్లూరో ఇంటిపేరు ఒక్కటే చూసి చెప్పలేం.

దీనికి ఎదురుగా ఏలూరిపాటి అనే ఇంటిపేరు తీసుకోండి. ఇది అరుదు. వినగానే ఏలూరు అనిపిస్తుంది. కాని చివర ‘పాటి’ ఉంది చూశారా? అంటే పాడు. కాళ్ల మండలంలో ఏలూరుపాడు అనే ఊరు ఉంది. ఏలూరు పట్టణం వైపు చూపే వేలు నిజానికి కొల్లేటికి ఆవల ఉన్న పల్లెను చూపుతోంది. అందుకే అరుదైన ఇంటిపేరు ఉన్నవారు, ‘ఇదేం పేరండీ, ఎక్కడా వినలేదే’ అని ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోనక్కరలేదు. చిరునామాగా పనికొచ్చేది అదే.

జయించిన ఊరే ఇంటిపేరు

విడిచిన ఊరే గాక గెలిచిన ఊరు కూడా ఇంటిపేరు కావడం కొల్లేటి ఒడ్డున జరిగింది. పూర్వం ఇక్కడ కొలనువీడు అనే పట్టణం ఉండేది. కొలను అంటే కొల్లేరే. సరసీపురి అని సంస్కృతంలో చెప్పుకునేవారు. చుట్టూ నీరు ఉండడం వల్ల దానిని పట్టుకోవడం శత్రువులకు అంత తేలిక కాదు. ఓరుగల్లు ఏలిన కాకతి గణపతిదేవుని కాలంలో, అంటే 1199కి 1262కి మధ్య, ఇందులూరి వంశానికి చెందిన సోమమంత్రి ఈ కొలనువీడును జయించాడని చరిత్రకారులు చెబుతారు. ఇందులూరి అన్నదీ ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరే. అయినా ఈ విజయం తర్వాత ఆయన వంశీకులు ‘కొలని’ వారయ్యారు. ఆ వంశంలోని కొలని గణపతిదేవుడు శివయోగసారం అనే గ్రంథం రాసి అందులో తన వంశ చరిత్ర చెప్పుకున్నాడు.

ఒకే కుటుంబానికి పాత ఇంటిపేరు పోయి కొత్తది వచ్చిన సంగతి ఇలా రాతపూర్వకంగా దొరకడం అరుదు. తక్కిన కుటుంబాల్లో కూడా ఇలాంటి మార్పులు జరిగే ఉంటాయి. కాని రాసిపెట్టే కవి ప్రతి ఇంట్లోనూ పుట్టడు గదా! పట్టణం పేరు పోయినా కొలను అనే మాట మాత్రం ఆరుగొలను, గుండుగొలను, పెదనిండ్రకొలను అనే ఊళ్ల పేర్లలో నేటికీ ఉంది.

పెదనిండ్రకొలను పేరెత్తితే చింతలపాటి మూర్తిరాజు గారు గుర్తుకొస్తారు. పల్లెల్లో ఎన్నో పాఠశాలలు పెట్టించిన ఆ గాంధేయవాది ఇంటిపేరు ఒక చింతలపాడును చూపుతుంది. జనం మాత్రం ఆయనను పెదనిండ్రకొలను మూర్తిరాజు గారనే చెప్పుకున్నారు. ఇంటిపేర్లు పుట్టే కాలం అయిపోయింది గాని, ఇంకా నడుస్తూ ఉంటే ఆ కుటుంబానికి పెదనిండ్రకొలను అనే కొత్త ఇంటిపేరు వచ్చి ఉండేదేమో.

అమెరికా వారికి అందని ఇంటిపేరు

ఊరు కాక ఉద్యోగం వల్ల వచ్చిన ఇంటిపేర్లు మరో తరగతి. పూర్వపు రాజుల దగ్గర మంత్రి వంటి పెద్ద అధికారిని ప్రగడ అనేవారు. మహాభారతం తెలుగు చేసిన ఎఱ్ఱనను ఎఱ్ఱాప్రగడ అనడం అందుకే. రాజులు, రాజ్యాలు పోయాక కూడా ప్రగడ అనే మాట కొన్ని కుటుంబాల వెనక మిగిలింది. భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఇంటిపేరు అటువంటిది.

ఆయన అమెరికా వెళ్లి హార్వర్డులో పరిశోధన చేశారు. రక్తంలోను, శరీర కణాల్లోను ఉండే ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని ఫిస్కే అనే అధ్యాపకునితో కలిసి 1925లో ప్రకటించారు. ప్రపంచమంతా దానిని ‘ఫిస్కే–సుబ్బారో పద్ధతి’ అంటుంది. ఫిస్కే అన్నది ఆ దొర ఇంటిపేరు. సుబ్బారో అన్నది మనవాని సొంత పేరు! ఇంగ్లీషువారికి ఇంటిపేరు చివర ఉంటుంది, మనకు ముందు ఉంటుంది. చివరి మాటే ఇంటిపేరనుకుని వారు సుబ్బారావును ఇంటిపేరు చేసేశారు. ఫోలిక్ ఆమ్లం, ఆరియోమైసిన్ మందుల వెనుక ఆయన కృషి ఉంది. 1948లో ఆయన కన్నుమూశాక కనుగొన్న ఒక బూజు జాతికి 1953లో ‘సుబ్బారోమైసిస్’ అని పేరు పెట్టి గౌరవించారు. అందులోనూ యల్లాప్రగడకు చోటు దొరకలేదు.

ఎగతాళి అయ్యే పేర్లు

పీతల, నక్కా, పిల్లి, మేకల, గుర్రం వంటి ఇంటిపేర్లు గల పిల్లలకు బడిలో తోటివారి పోరు తప్పదు. పెంటపాటి వారి పిల్లల బాధ ఇంకొకటి. పెంట అంటే ఇప్పుడు పేడకుప్ప అనే అర్థమే మిగిలింది. కాని ఊళ్ల పేర్లలో ఉన్న పెంటకు పాత అర్థం వేరు. పశువుల మంద నిలిచే చోటు, నాలుగిళ్ల పల్లె అని ఆ మాటకు అర్థం. నల్లమలలో చెంచుల పల్లెలను నేటికీ పెంటలనే అంటారు. ఊరు ఏర్పడినప్పుడు అక్కడ పాడి సమృద్ధిగా ఉండేదనడానికి అది గుర్తు. సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

ఒక పేరు చూసి అర్థం ఊహించడం అన్నివేళలా కుదరదన్నదానికి కొల్లేట్లోనే ఒక ఉదాహరణ ఉంది. ప్రత్తికోళ్లలంక చుట్టూ నీళ్లు, చేపలు, పక్షులు. పేరులో ప్రత్తి వినిపిస్తుందని అక్కడ పత్తి చేలు వెతికితే కాటన్ దొర కథే అవుతుంది.

ఇక పీతల అనే ఇంటిపేరు గలవారు రాష్ట్రంలో మంత్రి పదవి కూడా నిర్వహించారు. చింతలపూడి నుంచి గెలిచిన పీతల సుజాత 2014లో మంత్రి అయ్యారు. పేరు ఏదైనా పని ఆగదు.

పెళ్లి మాటల్లో మొదటి ప్రశ్న

పల్లెల్లో సంబంధం మాట రాగానే మొదట అడిగేది ఇంటిపేరు. చాలా కులాల్లో ఒకే ఇంటిపేరు వారు అన్నదమ్ముల వరుస. వారి మధ్య పెళ్లి పొసగదు. కొన్ని కులాల్లో గోత్రం కూడా చూస్తారు. ఒకే ఊరి నుంచి రకరకాల కులాల వారు కదిలి వెళ్లారు కనుక ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపించడం మామూలే. అందుచేత ఇంటిపేరు విని కులం ఊహించేవారు తరచుగా దెబ్బతింటారు.

ఇల్లరికం వచ్చిన అల్లుడు మామగారి పొలం దున్నినా తన ఇంటిపేరు వదులుకోడు. పిల్లలకు అతడి ఇంటిపేరే వస్తుంది. దత్తత అలా కాదు. దత్తు వెళ్లినవాడి ఇంటిపేరు, గోత్రం రెండూ మారతాయి. ఊళ్లో ఒక వంశం వారి చెరువు గట్టు, వారి మామిడి తోట అని పేరు ఉండి, అనుభవంలో ఇంకో ఇంటిపేరు వారుంటే ఒకప్పుడు ఇల్లరికం జరిగి ఉండవచ్చు. ఇవి తెలియక దస్తావేజులు చూసి తగవులకు దిగినవారున్నారు.

ఆడవారి సంగతి మరీ చిత్రం. పెళ్లితో ఇంటిపేరు మారుతుంది. కాని అత్తవారింట పెద్దలు ఆమెను పుట్టినూరి పేరుతోనే పిలుస్తారు. గూడెం పిన్ని, గణపవరం అక్క, కైకలూరు వదిన అని. వెనకటి రోజుల్లో మగవారికి ఇంటిపేర్లు ఎలా పుట్టాయో ఈ పిలుపు చూస్తే తెలిసిపోతుంది.

ఇంటిపేరు పోతే

ఇంటిపేరు లేకపోతే ఏం మునిగిపోయింది అనేవారు మారిషస్ తెలుగువారి సంగతి వినాలి. 1834 నుంచి ఇంగ్లీషు ప్రభుత్వం చెరుకు తోటల్లో పనికి మన దేశం నుంచి కూలీలను ఆ దీవికి తీసుకువెళ్లింది. కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి కూడా ఓడలెక్కారు కనుక తెలుగువారిని అక్కడ ‘కోరంగీలు’ అన్నారు. ఓడ లెక్కల్లో గుమాస్తాలు మనిషి పేరు, తండ్రి పేరు రాసుకున్నారు. ఇంటిపేరుతో వారికి పని లేదు. తర్వాతి తరాల్లో అప్పన్న, రామయ్య, వెంకటసామి వంటి తాతల పేర్లే ఆ దేశపు పద్ధతిలో ఇంటిపేర్లయ్యాయి. ఇప్పుడు వారి సంతతిలో ఎవరికైనా తమ ఊరు ఎక్కడో తెలుసుకోవాలనిపిస్తే పేరులో ఆధారం లేదు. మోకాలో ఉన్న మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరచిన పాత వలస రిజిస్టర్లు తిరగేయవలసిందే. రామయ్యలు ఊరికి పదిమంది ఉంటారు. ఏలూరిపాటి రామయ్య అని ఒక్క మాట రాసి ఉంటే సగం దారి తెలిసేది.

మన దగ్గర నుంచి తుంగభద్ర ఆయకట్టుకు, సింధనూరు, రాయచూరు ప్రాంతాలకు, నిజామాబాదు జిల్లాకు వెళ్లి భూములు కొన్నవారు ఇంటిపేర్లు పోగొట్టుకోలేదు. అక్కడి క్యాంపుల్లో గోదావరి జిల్లాల ఊళ్లు ఇంటిపేర్ల రూపంలో వినిపిస్తూనే ఉంటాయి.

నేటి చిక్కు కాగితాలది. ఆధార్ కార్డులో పేరుకు ఒకే గడి. ఇంటిపేరు ముందు రాసినా, వెనక రాసినా, పొడి అక్షరం రాసినా అక్కడ చెల్లిపోతుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు వేరే గడి, సొంత పేరుకు వేరే గడి ఉన్నాయి. బడిలో చేర్చినప్పుడు ఒక అక్షరంతో సరిపెట్టి, పట్టాదారు పుస్తకంలో పూర్తి ఇంటిపేరు రాయించి, బ్యాంకులో ఇంకో విధంగా ఇచ్చినవారు కువైట్‌కో అమెరికాకో బయలుదేరేటప్పుడు కార్యాలయాల చుట్టూ తిరుగుతున్నారు. మొత్తం పేరంతా ఒకే గడిలో రాయించుకున్నవారికి అమెరికా వీసాలో సొంత పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం.

ఇంగ్లీషు అక్షరాలతో వచ్చే తిప్పలు వేరు. యల్లాప్రగడకు మొదట ‘వై’ రాసేవారు ఉన్నారు, ‘ఈ’ రాసేవారూ ఉన్నారు. ఇద్దరు అన్నదమ్ములు చెరో విధంగా రాస్తే మూడో తరంలో రెండు వంశాలవుతాయి. తండ్రి పొలం కొడుకుల పేర మార్చేటప్పుడు ఆ ఒక్క అక్షరానికే ఇద్దరూ ఒకరేనని ధ్రువపత్రం అడుగుతారు. చిన్న పిల్లలున్న ఇళ్లలో చూసుకోవలసింది పుట్టిన సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్. ఆ రెంటిలో ఇంటిపేరు పూర్తిగా, ఒకే అక్షరాలతో, తాత పట్టాలో ఉన్న తీరుకు సరిపోయేట్టు రాయిస్తే తర్వాత మార్పుల కోసం అర్జీలు పెట్టే పని తగ్గుతుంది.

2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కృష్ణా జిల్లాలోని కైకలూరు, కలిదిండి, మండవల్లి, ముదినేపల్లి మండలాలు అందులోకి వచ్చాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరిలో ఉండిపోయింది. కార్డుల మీద, బోర్డుల మీద జిల్లా పేర్లు తిరగరాశారు. కలిదిండి వారి ఇంటిపేరు మాత్రం ఎవరూ తిరగరాయలేదు.